‘పో’ అన్న ఒక్క మాట

మేం పోస్టు చేరేసరికి వాన మంచుగా మారుతోంది. తేజ్‌పూర్ నుంచి తెచ్చిన ట్రక్కులు రోడ్డు ఆగిపోయిన చోట మమ్మల్ని దించేసి వెనక్కి తిరిగాయి. అక్కణ్ణుంచి నడకే. వీపు మీద పరుపుచుట్ట, వైర్‌లెస్ సెట్టు, విడి బ్యాటరీలు. భుజాన రైఫిలు. ముందు వెదురు పొదలు, తర్వాత దేవదారు చెట్లు, ఆ తర్వాత మోకాలెత్తు తుప్పలు. ఆపైన చెట్టన్నది లేదు. రాయి, నాచు, పొగమంచు. నాలుగడుగులు వేసి నిలబడాలి, ఊపిరి తీసుకోవాలి, మళ్ళీ వెయ్యాలి.

పోస్టు పేరు చెప్పను. అరుణాచల్‌లో, సరిహద్దు గీతకి దగ్గర్లో అనుకోండి చాలు. కొండ నడుం మీద కొన్ని బంకర్లు. రాళ్ళు, ఇసుక బస్తాలు, పైన రేకులు, రేకుల మీద మళ్ళీ మట్టి. లోపల కిరసనాయిలు పొయ్యి. దాని పొగకి ముక్కులో మసి పేరుకునేది. ఎదురుగా లోయ. లోయకి అవతల చైనావాళ్ళ పోస్టు. మాది రేకు, వాళ్ళది కాంక్రీటు. గాలి ఇటు తిరిగినప్పుడు వాళ్ళ వంటింటి వెల్లుల్లి వాసన మా బంకర్లోకి వచ్చేది.

పోస్టుకి పెద్ద సుబేదార్ సాబ్. కుమావూన్ కొండల మనిషి. ఆయన పైన మేజర్ సాబ్, కింద బేస్‌లో ఉండేవాడు, పనిబడితే ఎక్కి వచ్చేవాడు. నేను రిపోర్టు చెయ్యగానే సుబేదార్ సాబ్ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"చీనీ భాష వచ్చినవాడివి నువ్వేనా?"

"అవును సాబ్."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఫౌజే నేర్పించింది సాబ్. కోర్సుకి పంపారు."

"అంతమందిలో నిన్నే ఎందుకు పంపారు?"

నేను పెరిగింది విశాఖపట్నం గాజువాకలో. నాన్న గోదావరి జిల్లా నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చాడు. మా వాడలో ఒక గోడకి అవతల ఒడియా, ఇంకో గోడకి అవతల బెంగాలీ, ఎదురింట్లో మలయాళం. కొళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడితే అన్నీ చెవిలో పడేవి. విన్నది విన్నట్టు తిరిగి పలకడం అక్కడే అలవాటైంది. సిగ్నల్స్‌లో వైర్‌లెస్ ఆపరేటర్‌గా ఉండగా పరీక్ష పెట్టారు, నెగ్గాను. అదే చెప్పాను.

ఆయన విని, "వాళ్ళ మాట తెలిసినవాడి మీద ఒక కన్నేసి ఉంచాలి" అన్నాడు. నవ్వుతూ అన్నాడో, నిజంగా అన్నాడో తేలలేదు. ఆ కన్ను మాత్రం నేను అక్కడున్నన్నాళ్ళూ నా మీదే ఉంది.

నేను కాక ఆ పోస్టులో ఇంకొక్కడే తెలుగువాడు. లైన్‌మన్. పోస్టుకీ బేస్‌కీ మధ్య టెలిఫోన్ తీగ ఉంటుంది. వైర్‌లెస్‌లో మాట్లాడితే అవతలివాళ్ళు వింటారని భయం, అందుకని ముఖ్యమైన మాటలన్నీ ఆ తీగ మీదే. మంచుకీ రాళ్ళకీ అది తెగుతుంది. తెగినప్పుడల్లా తీగచుట్ట భుజాన వేసుకుని వెతుక్కుంటూ వెళ్ళి అతికి రావడం అతని పని. మొదటిరోజు చలికి తట్టుకోలేక నాలో నేనేదో గొణుక్కుంటుంటే మూలనుంచి ఒక గొంతు పలికింది.

"ఏటి బావ, మనోడివేనా? ఏ ఊరు?"

"గాజువాక."

"నాది భీమిలి. సేపలోళ్ళం. వణకకు బావ, వణికితే సలి ఇంకా ఎక్కువవుద్ది. రా, పొయ్యి కాడ కూకో."

అంతే పరిచయం. ఆ రోజు నుంచీ నేను బావని. తీగ అతికాక లైను పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఫోన్ పెట్టుకుని, "హలో బావ, ఇనబడతన్నానా? ఇక్కడ కాలు జారి కూలబడ్డాను, అది తప్ప అంతా బాగున్నాది" అనేవాడు. పక్కనుంచి సుబేదార్ సాబ్ "హిందీలో మాట్లాడండి" అనేవాడు. తనకి తెలియని భాషలో ఇద్దరు నవ్వుకుంటే ఆయనకి నచ్చేది కాదు. తప్పు పట్టను. సరిహద్దులో అర్థంకాని మాట ఏదైనా అనుమానమే.

లోయలో ఒక పచ్చిక బయలుంది. పచ్చిక అని పేరే గానీ గడ్డి కూడా సరిగా మొలవదు. అది మాదని మేం, తమదని వాళ్ళు. రెండు గస్తీలూ అక్కడ ఎదురుపడేవి. తుపాకులు నేలవైపు తిప్పి పట్టుకోవాలి. ఎవడూ ఎవణ్ణీ తోయకూడదు. తర్వాత బ్యానర్ విప్పాలి. మా బ్యానర్ మీద వాళ్ళ భాషలో, వాళ్ళ బ్యానర్ మీద ఇంగ్లీషులో ఒకటే సంగతి. ఇది మా భూమి, వెనక్కి వెళ్ళండి. నేను ముందుకెళ్ళి వాళ్ళ భాషలో "జోవ్" అని అరవాలి. పో అని అర్థం. వాళ్ళ దుబాసీ ముందుకొచ్చి హిందీలో అరిచేవాడు. పొడుగ్గా, కళ్ళజోడుతో, చెవుల మీదికి దించిన టోపీతో ఉండేవాడు. మావాళ్ళు చష్మా అని పేరు పెట్టారు. అతని హిందీ పాఠ్యపుస్తకంలోంచి దిగినట్టుండేది. "కృపయా వాపస్ జావో" అనేవాడు.

"కృపయా అంటన్నాడు బావ. తరిమీటప్పుడు కూడా మర్యాదే" అని లైన్‌మన్ నవ్వాపుకోలేకపోయేవాడు.

చలికాలం వెనకబడ్డాక రెండు పక్షాల అధికారులూ కలిశారు. అందుకోసం రెండు పోస్టుల మధ్య రేకుల గది ఒకటుంది. బల్లకి ఇటు మా జెండా, అటు వాళ్ళ జెండా, మధ్యలో వేయించిన పల్లీలు. మాట్లాడాల్సింది పచ్చికలో ఎవరో జరిపిన ఒక రాళ్ళకుప్ప గురించి. రాళ్ళకుప్ప నుంచి మాట అరవై రెండో సంవత్సరానికి వెళ్ళిపోయింది. అక్కడ ఏ మాటైనా చివరికి అక్కడికే వెళ్తుంది.

వాళ్ళ అధికారి కాగితం చూడకుండా చెప్పాడు. నేను హిందీలోకి తిప్పాను.

"మీరు గీత అంటున్నది తెల్లదొరలు గీసుకున్నది. మేం దాన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆ యేడు మీ సైనికులు ఆ గీత కూడా దాటి పోస్టు పెట్టారు. వద్దని చాలాసార్లు చెప్పాం. వినలేదు. మేం ఎదురుదెబ్బ కొట్టాం. ఆ యుద్ధం మీరు తెచ్చింది."

మేజర్ సాబ్ జవాబు వాళ్ళ భాషలోకి తిప్పాను.

"మా పోస్టు మా నేల మీద ఉంది. మీరు పైకి అన్నదమ్ములమంటూనే లడఖ్ వైపు మా భూమిలో చెప్పకుండా రోడ్డు వేసుకున్నారు. తర్వాత తెల్లారేసరికి వేలమందితో మా మీద పడ్డారు. ఆ యుద్ధం మీరు తెచ్చింది."

ఒకే వాక్యం. నా నోట్లోంచి ఒకసారి ఇటు వెళ్ళింది, ఒకసారి అటు వెళ్ళింది. చష్మా తన కాగితం మీద ఏదో గీసుకుంటూ తల ఎత్తి నన్ను చూశాడు. అతని పనీ నా పనీ ఒకటే. నేను తిప్పింది సరిగా ఉందో లేదో అతను చూస్తాడు, అతను తిప్పింది సరిగా ఉందో లేదో నేను చూస్తాను. ఒకరి నోటికి ఒకరం కాపలా.

పోస్టుకి తిరిగొచ్చాక సుబేదార్ సాబ్ నన్ను పక్కకి పిలిచాడు.

"ఎదురుదెబ్బ అన్నాడా, దాడి అన్నాడా?"

"ఎదురుదెబ్బ అనే అన్నాడు సాబ్."

"నువ్వు మెత్తబరిచి చెప్పలేదు కదా?"

"లేదు సాబ్. ఉన్నదున్నట్టు చెప్పాను."

ఆయన అన్నాడు. "మా పెద్దతాత ఈ కొండల్లోనే ఉండిపోయాడు. కాళ్ళకి గుడ్డ బూట్లు, చేతిలో పాత రైఫిలు. ఇంటికి ఒక ఎముక కూడా రాలేదు. అవతలివాడు వచ్చి 'మీరే తెచ్చుకున్నారు' అంటాడు. అదే మాట నువ్వు నీ గొంతుతో నాకు చెప్తావు. నాకెలా ఉంటుందో ఆలోచించుకో."

ఆలోచించాను. ఆయన కోపం అర్థమైంది. కానీ కొన్నాళ్ళకి బైనాక్యులర్‌తో చూస్తుంటే వాళ్ళ పోస్టు వెనకాల ఒక రాతిస్తంభం కనిపించింది. దాని ముందు సైనికులు తలలు వంచి నిలబడి తెల్ల కాగితం పూలు పెడుతున్నారు. అక్షరాలు కొన్ని అందాయి. మాతృభూమిని కాపాడుతూ ప్రాణాలిచ్చినవారు అని రాసి ఉంది. మా బేస్‌లో ఉన్న రాయి మీద హిందీలో రాసి ఉన్నదీ ఇదే. లైన్‌మన్‌కి చెప్పాను.

"ఆళ్ళలోనూ సచ్చిపోయినోళ్ళుంటారు కదా బావ" అన్నాడు. మళ్ళీ తనే, "ఈ సంగతి సాబ్‌కి సెప్పీకు. ఇప్పటికే నీ మీద గుర్రుగున్నాడు" అన్నాడు.

మంచు కరగడం మొదలైంది, ఇక ఫరవాలేదు అనుకుంటుండగా మళ్ళీ కురిసింది. తడిమంచు, బరువుగా. రెండు రోజులు ఆగకుండా పడింది. మూడోరోజు మధ్యాహ్నం టెలిఫోన్ చచ్చిపోయింది.

"ఇది మంచు పని కాదు. కోశారు" అన్నాడు సుబేదార్ సాబ్. ఎందుకలా అనుకున్నాడంటే, ముందురోజే వాళ్ళ గస్తీ లోయ అంచుదాకా వచ్చి నిలబడి వెళ్ళింది. లైన్‌మన్‌ని పంపాడు. తోడుగా ఒక గఢ్‌వాలీ జవాన్‌ని రైఫిల్‌తో పంపాడు. తీగ వెంబడి కొంతదూరం వెళ్ళాక లైన్‌మన్ తన ఫోన్ తగిలించి నాతో మాట్లాడాడు.

"హలో బావ. ఇక్కడిదాకా లైనున్నాది. అవతల తీగ మంచు కిందికెల్లిపోనాది. దిగి సూత్తాను."

"పొగమంచు కమ్ముతోంది. జాగ్రత్త."

"నాకూ కనబడతన్నాది. పావుగంటలో వొచ్చెత్తాను. టీ పెట్టించు."

"హిందీలో" అన్నాడు సుబేదార్ సాబ్. అప్పటికే లైన్‌మన్ ఫోన్ పెట్టేశాడు.

తర్వాత మాకు కొండ చప్పుడు వినబడింది. ఓడరేవులో బొగ్గు గుమ్మరించినట్టు, ఎక్కడో కింద, మెల్లగా మొదలై పెద్దదై ఆగిపోయింది.

గఢ్‌వాలీ జవాన్ ఒక్కడే తిరిగొచ్చాడు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అడిగాం.

"అతను తీగ వెంట కిందికి దిగాడు. నేను పైన బండ దగ్గర కాపలా ఉన్నాను. పొగమంచు మూసేసింది, ఏమీ కనబడలేదు. కింద రెండు గొంతులు వినబడ్డాయి. ఒకటి మనవాడిది. రెండోది మనది కాదు. ఆ రెండోవాడు గట్టిగా అరిచాడు. ఆ వెంటనే మంచు కదిలింది."

"ఏమని అరిచాడు?"

అతను కళ్ళు మూసుకుని గుర్తుతెచ్చుకున్నాడు. "జోవ్. జోవ్, జోవ్. అలా రెండు మూడుసార్లు."

అందరూ నా వైపు తిరిగారు.

"పో అని సాబ్" అన్నాను.

"చూశారా. మన నేల మీద మనవాణ్ణి పొమ్మన్నాడు. పోకపోతే పట్టుకున్నాడు."

"మంచు కదులుతుంటే కూడా ఆ మాటే అంటారు సాబ్. తప్పుకో, పారిపో అని."

సుబేదార్ సాబ్ నా దగ్గరికి వచ్చాడు.

"అంటే వాడు మనవాణ్ణి కాపాడ్డానికి అరిచాడంటావా?"

"అలా అనడం లేదు సాబ్. ఆ మాటకి రెండర్థాలూ ఉన్నాయి. ఏ అర్థంతో అన్నాడో గొంతు విన్నవాడు చెప్పాలి."

గఢ్‌వాలీ జవాన్ తల అడ్డంగా ఊపాడు. "అరుపు అరుపే కదా భాయ్. నాకేం తెలుస్తుంది."

"రెండు చెప్పకు. ఒకటి చెప్పు" అన్నాడు సుబేదార్ సాబ్. నేను ఒకటి చెప్పలేదు. బేస్‌కి వైర్‌లెస్‌లో వెళ్ళిన రిపోర్టులో మాత్రం పొమ్మన్నాడు అన్న ఒక్క అర్థమే వెళ్ళింది.

ఆ తర్వాత ఆయన ఇంకో మాట అడిగాడు. "చివరిసారి ఫోన్లో మీ భాషలో ఏం మాట్లాడుకున్నారు? అక్షరం పొల్లుపోకుండా చెప్పు."

నేను తిప్పి చెప్పాను. లైనుంది, తీగ మంచు కిందికి వెళ్ళింది, దిగి చూస్తాను. పావుగంటలో వస్తాను. టీ పెట్టించు.

"అంతేనా?"

"అంతే సాబ్."

శత్రువు మాటలు ఎన్నో తిప్పాను. నాకు తిప్పడం కష్టమైంది ఆ టీ మాట ఒక్కటే.

మర్నాడు వెతికాం. వాలు ఆకారమే మారిపోయింది. తీగ లేదు, గుర్తుపెట్టుకున్న బండ లేదు. మేం ఇంకా వెతుకుతుండగానే అవతల లౌడ్‌స్పీకర్ మోగింది. చష్మా గొంతు. మా సైనికుడొకణ్ణి మీరు పట్టుకున్నారు, కృపయా వెంటనే అప్పగించండి అంటున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మనవాణ్ణి దాచిపెట్టి, నింద ముందే మన మీదికి తోస్తున్నారు" అన్నాడు సుబేదార్ సాబ్. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. రేకుల గదిలో మళ్ళీ కలిశారు. ఈసారి పల్లీలు లేవు. మావాణ్ణి ఇవ్వండి అని మేజర్ సాబ్. మావాణ్ణి ఇవ్వండి అని వాళ్ళ అధికారి. మీ దగ్గర ఎవడూ తప్పిపోలేదు, అది కట్టుకథ అని ఒకరు. మీదే కట్టుకథ అని ఇంకొకరు. నేను చష్మా కళ్ళల్లోకి చూస్తున్నాను, అబద్ధం తిప్పేటప్పుడు రెప్ప ఆడుతుందేమోనని. అతను నా కళ్ళల్లోకి చూస్తున్నాడు. కళ్ళజోడు అద్దాల మీద ఆవిరి. ఏమీ కనబడలేదు.

సెలవులు రద్దయ్యాయి. మోర్టార్లు పైకి వచ్చాయి. కింద బేస్‌లో గుడారాలు పెరిగాయి. అవతల ట్రక్కులు బారులు తీరాయి. బూట్లు విప్పకుండా పడుకోమని ఆర్డరు. కింద ఊళ్ళల్లో టీవీల్లో అప్పటికే యుద్ధం మొదలైపోయిందని నాకు తర్వాత తెలిసింది.

పోస్టులో కూడా గుసగుసలు లేచాయి. లైన్‌మన్ తనే అటు వెళ్ళిపోయాడేమో అని ఎవడో అన్నాడు. వాళ్ళిద్దరూ ఏదో భాషలో మాట్లాడుకునేవాళ్ళు కదా అని ఇంకొకడు. నేను లోపలికి వెళ్తే మాట ఆగిపోయేది. వైర్‌లెస్ దగ్గర నాతోపాటు ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు, తోడు అని పేరు పెట్టి.

ఎండ వచ్చింది. మంచు కుంగింది. ఒక ఉదయం మెస్ దగ్గర తిరిగే గోధుమరంగు కుక్క మంచుకుప్ప అడుగున, పచ్చిక మొదలయ్యే చోట కాళ్ళతో తవ్వుతోంది. పిలిస్తే రాలేదు. పారలు పట్టుకుని దిగాం. మేజర్ సాబ్ కూడా ఉన్నాడు. మేం తవ్వడం చూసి అవతలనుంచి వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. రెండు పక్కలా తుపాకులు లేచాయి. "నా మాట లేకుండా ఎవడూ పేల్చడు" అన్నాడు మేజర్ సాబ్. అవతల వాళ్ళ అధికారి కూడా ఏదో అన్నాడు. నేను తిప్పక్కర్లేదు, అదే మాట.

ముందు మా పార్కా కోటు రంగు కనిపించింది. దాని పక్కనే ఇంకో రంగు.

లైన్‌మన్ మొహం ప్రశాంతంగా ఉందని చెప్పలేను, భయంగా ఉందనీ చెప్పలేను. మంచు అన్నీ తీసేస్తుంది. పక్కనున్నవాడు ఇరవై దాటినవాడు, బుగ్గల మీద చలికి పగిలిన ఎర్రమచ్చలు. అతని కుడిచెయ్యి మా లైన్‌మన్ మణికట్టుని పట్టుకుని ఉంది. లైన్‌మన్ వేళ్ళు అతని మణికట్టు చుట్టూ ఉన్నాయి.

తర్వాత రెండు వైపులా ఒక్కసారే మాటలు లేచాయి. చూడండి, మీవాడు మావాణ్ణి ఈడ్చుకుపోతున్నాడు. కాదు, మీవాడే మావాణ్ణి లాగుతున్నాడు. మేం మా వైపునుంచి ఫొటోలు తీశాం. వాళ్ళు వాళ్ళ వైపునుంచి తీశారు. మా ఫొటోలో లాగుతున్నది వాళ్ళవాడిలా కనిపిస్తాడు. వాళ్ళ ఫొటోలో మావాడిలా కనిపించి ఉంటాడు.

ఎవరివాళ్ళని వాళ్ళు తీసుకెళ్ళాలంటే చేతులు విడదీయాలి. వేళ్ళు బిగుసుకుపోయాయి. విరవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. వేడినీళ్ళు పోయండి అన్నాడు మేజర్ సాబ్. ఒకరితో ఒకరు మాట్లాడగలిగేది మేమిద్దరమే గనక చష్మా, నేను మోకాళ్ళ మీద కూర్చున్నాం. అతని ఫ్లాస్కు, నా ఫ్లాస్కు. అతను కొంచెం పోస్తే నేను ఒక వేలు సడలిస్తాను. నేను పోస్తే అతను ఇంకో వేలు. మా మధ్య ఆవిరి లేస్తోంది.

తల ఎత్తకుండానే తన భాషలో నన్నడిగాడు. "మీరేమనుకుంటున్నారు?"

అతని జేబు వైపు చూశాను. లోపల రికార్డరుందేమో. "నేను తిప్పి చెప్పేవాణ్ణి. అనుకునేవాణ్ణి కాదు" అన్నాను.

"నేనూ అంతే" అన్నాడు. ఇంకో వేలు వదిలింది. "ఇతను కొండల్లో గొర్రెలు కాసే ఇంటివాడు. మంచు సంగతి బాగా తెలుసు."

ఎందుకు చెప్పాడో తెలియదు. నా నోట్లోంచి కూడా ఒక మాట జారింది. "మావాడిది సముద్రం ఒడ్డు. మంచు తెలియదు."

పైకొచ్చాక సుబేదార్ సాబ్ అడిగాడు, వాడు గుసగుసగా ఏం చెప్పాడని. అడిగితే చెప్పాలి, అది నా డ్యూటీ. చెప్పాను.

తర్వాతి సమావేశంలో రెండు పక్షాలూ తమ తమ మాట చదివారు. మంచు స్వభావం బాగా తెలిసిన మీ సైనికుడు కావాలనే వాలు కదిల్చి మా లైన్‌మన్‌ని చంపాడు, తానూ చిక్కుకున్నాడు అని మేజర్ సాబ్ చదివాడు. కొండలు తెలియని మీ సైనికుడు దారితప్పి మా నేల మీదికి వచ్చి, పొమ్మన్న మా సైనికుణ్ణి పట్టుకుని పెనుగులాడి మంచు కదిల్చాడు అని వాళ్ళ అధికారి చదివాడు. నేనన్న మాట వాళ్ళ కాగితంలో ఉంది. చష్మా అన్న మాట మా కాగితంలో ఉంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఎదుటివాడి కాగితాన్ని పూర్తిగా, తప్పులేకుండా తిప్పాం.

బందీలు లేరని తేలిపోయింది గనక ట్రక్కులు మెల్లగా వెనక్కి వెళ్ళాయి. మోర్టార్లు దిగాయి. యుద్ధం రాలేదు. ఎవరివల్ల రాబోయిందన్నది మాత్రం రెండు కాగితాల్లోనూ అలాగే ఉంది.

సంవత్సరం తిరిగాక మా బ్యాచ్ దిగింది. బ్రహ్మపుత్ర దాటి, రెండు రైళ్ళు మారి విశాఖపట్నంలో దిగితే ఆ ఉక్కపోతకి ఊపిరాడలేదు. ఇంకొన్నాళ్ళు చేసి పెన్షన్ పుచ్చుకున్నాను. ఇప్పుడు మధురవాడలో ఒక అపార్టుమెంటుకి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. సాయంత్రాలు కార్లు కడిగేవాళ్ళు, డెలివరీవాళ్ళు, ఫ్లాట్లవాళ్ళు అడుగుతుంటారు. నిజం చెప్పండి సార్, ముందు మొదలుపెట్టింది వాళ్ళే కదా అని. నా దేశం వైపే నేను నిలబడ్డాను, ఇప్పుడు పిలిచినా నిలబడతాను. కానీ ఆ ప్రశ్నకి జవాబు అడిగేవాడి నోట్లో ముందే ఉంటుంది. అందుకని టీ తాగండి అంటాను.

ఒక్కరికి మాత్రం అలా చెప్పడం కుదరలేదు. అప్పట్లో, పోస్టు దిగొచ్చిన వారంలోనే బస్సెక్కి భీమిలి వెళ్ళాను. బజారు మలుపులో పెద్ద ఫ్లెక్సీ. లైన్‌మన్ ఫొటో, అతని చేతిలో ఎవరిదో రైఫిలు అతికించారు. శత్రువుని మంచులోనే మట్టుబెట్టిన వీరుడు అని రాశారు. ఇల్లు అడిగితే నలుగురు కుర్రాళ్ళు నాతో వచ్చారు. లైన్‌మన్ అమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని చేపలు తోముతోంది. నన్ను చూసి లేవలేదు. కుర్రాళ్ళని పంపేసింది.

"గాజువాక బావవి నువ్వేనా బాబూ? ఫోన్లో సెప్పీవోడు."

"నేనే అత్తా."

"ఆపీసర్లొచ్చేరు. జెండా ఇచ్చేరు. నా కొడుకు శత్రువుని పట్టుకున్నాడన్నారు. టీవీలోనేమో శత్రువే నా కొడుకుని పట్టుకున్నాడన్నారు. నీకాళ్ళ బాసొచ్చంట కదా. నీకాడ మూడోది ఏటన్నా ఉన్నాదా?"

ఆమె నన్ను నమ్మడం లేదు. వచ్చిన ప్రతివాడూ ఒక మాట పట్టుకొచ్చి ఇచ్చి వెళ్ళాడు. నేనూ అందుకే వచ్చాననుకుంటోంది.

"ఎవరు ఎవర్ని ఎందుకు పట్టుకున్నారో నేను చూడలేదు అత్తా. ఎలా పట్టుకున్నారో చూశాను."

"అయితే సూపించు."

కత్తి పక్కన పెట్టి చెయ్యి చాపింది. నేను పీట ముందు గొంతుక్కూర్చుని ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఆమె వేళ్ళు తీసి నా మణికట్టు చుట్టూ పెట్టాను.

"ఇలాగా?"

"ఇలాగే."

"గట్టిగానా?"

"గట్టిగా. వేడినీళ్ళు పోస్తే గానీ వదల్లేదు."

ఆమె నన్ను తనవైపు లాగి చూసింది. తర్వాత అవతలికి నెట్టి చూసింది. రెండుసార్లూ మా చేతులు ఒకేలా బిగిశాయి. ఆమె వాటినే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి అడిగింది.

"ఆ పిల్లోడికీ తల్లుంటాది కదా. ఆవిడికెవులన్నా ఇలాగ సూపించేరా?"

"తెలీదు అత్తా."

ఆమె చెయ్యి వదల్లేదు. లోపలినుంచి ఎవరో పిలిచినా వదల్లేదు. నేనూ వదల్లేదు.

ఆ పోస్టులో చూసినవి ఒక్కొక్కటే మసకబారుతున్నాయి. కొండ ఆకారం, బంకర్ వాసన, చష్మా మొహం కూడా. ఆ మధ్యాహ్నం తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూసుకున్నది మాత్రం పోవడం లేదు. నా మణికట్టు చుట్టూ, ఆమె వేళ్ళు ఎక్కడెక్కడ పట్టాయో అక్కడక్కడే, చేప పొలుసులు అంటుకుని ఆరిపోయి ఎండకి మెరుస్తున్నాయి.